పెన్సిలుతో రాసిన లంకమ్మ

పోయిన నెలలో అమెరికాలోని మిల్వాకీ నుంచి నాకొక పార్శిల్ వచ్చింది. పంపినావిడను నేను జీవితంలో రెండుసార్లకు మించి చూడలేదు. మాకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట నేర్పిన పెద్దాయన కూతురు ఆవిడ. నాన్నగారు చలికాలం చివర్లో పోయారనీ, ఇల్లు ఖాళీ చేస్తుండగా బేస్‌మెంట్ అరలో నా పేరు రాసిపెట్టిన బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి దొరికిందనీ, అది నా దగ్గరికి చేరడమే న్యాయమనిపించిందనీ చిన్న ఉత్తరం జతచేశారు.

మూత బిగుసుకుపోయి ఉంటే చెంచా కాడతో లేపాను. తెరిచీ తెరవగానే వచ్చిన వాసన నన్ను హైదరాబాదులోని మా వంటింటి బల్ల దగ్గర ఉండనివ్వలేదు. మైనపు క్రేయాన్ వాసన, చెక్కిన పెన్సిలు పొట్టు వాసన, చెమ్మ పీల్చుకున్న కాగితం వాసన మూడూ కలిసి ఉన్నాయి. మంచుతో బరువెక్కిన బూట్లను మెట్ల పైన విడిచి, మేజోళ్ళతో ఆ చెక్కమెట్లు దిగుతుంటే ఎదురొచ్చిన వాసన అదే.

డబ్బాలో ఏడు పాచికలు, గోరంత క్రేయాన్ ముక్క, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉన్నాయి. కాగితం విప్పితే లంకమ్మ. నేను ఆడిన మొట్టమొదటి పాత్ర తాలూకు షీటు, అంటే ఆ పాత్ర వివరాలు రాసుకునే కాగితం అది. జిరాక్సు కాస్త వంకరగా పడడం వల్ల గడులన్నీ కుడివైపుకి ఒరిగి ఉంటాయి. హిట్ పాయింట్ల గడి దగ్గర, అంటే పాత్రకు ఇంకా ఎంత ప్రాణం మిగిలిందో రాసుకునే చోట, రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిల్లు పడింది. ఆ చిల్లుకి వెనకనుంచి నేను అంటించిన టేపు పసుపురంగుకు తిరిగింది. కాగితం వెనకవైపు మాత్రం నేనెప్పుడూ చూడని పెన్సిలు గీతలు కనిపించాయి. నాలుగు నిలువు గీతలు, వాటిమీద ఒక అడ్డగీత, ఇలా ఐదేసి చొప్పున కట్టలు కట్టి ఉన్నాయి. అవేమిటో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

* * *

గణాంకశాస్త్రం చదవడానికి మిల్వాకీ వెళ్ళిన మొదటి చలికాలం నేను మాట్లాడడం దాదాపు మానేశాను. ఇంగ్లీషు రాక కాదు. తెనాలి పక్క పల్లె నుంచి వచ్చిన నాకు, వాక్యం నోట్లో కూర్చుకునేలోపు సంభాషణ మరో మలుపు తిరిగిపోయేది. సెమినార్లలో ప్రశ్న తెలిసీ అడగలేదు, జవాబు తెలిసీ చెప్పలేదు. మా డిపార్ట్‌మెంటులో నా పక్క బల్ల అబ్బాయి అది గమనించాడో లేదో తెలియదు గానీ, ఒక శనివారం సాయంత్రం తమ ఆటకి ఒక మనిషి తక్కువయ్యారు, వస్తావా అని అడిగాడు. బోర్డు ఏదీ ఉండదని, పేకముక్కలూ ఉండవని, బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడమే ఆటని చెప్పాడు. నేను తప్పించుకుంటున్న పని సరిగ్గా అదే. అయినా ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ చెప్పలేను.

ఆ బేస్‌మెంట్‌లో ఒక పొడవాటి బల్ల, దానిమీద వేలాడే దీపం, మూలన గుర్రుగుర్రుమనే బాయిలరు ఉండేవి. బల్ల తలవైపున అట్టతో చేసిన మడత తెర వెనకాల పెద్దాయన కూర్చునేవారు. ప్రెస్సులో కంపోజింగ్ చేసి రిటైరైన మనిషి కావడంతో వేళ్ళ చివర్లు నల్లగానే ఉండేవి. ఆయన చూపించే లోకాన్ని మిగతావాళ్ళు వింటారు, తమ తమ పాత్రలు అక్కడ ఏం చేస్తాయో చెబుతారు, ఫలితం సందేహంలో ఉన్నప్పుడు పాచికలు వేస్తారు. ఆ తెర వెనక మనిషిని డంజన్ మాస్టర్ అంటారనీ, ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనీ ఆ రాత్రే తెలిసింది.

నన్ను ఆకట్టుకున్నవి రాక్షసులూ మంత్రాలూ కావు. ఒక నర్సు, ఇద్దరు అన్నదమ్ములు, నా సహాధ్యాయి, ఈ నలుగురూ కథలోని మనిషిని 'అతను' అనకుండా 'నేను' అనడం నన్ను ఆశ్చర్యపరిచింది. "నేను తలుపుకి చెవి ఆనించి వింటాను" అని ఆ నర్సు అన్నప్పుడు ఆవిడ తల నిజంగానే కాస్త పక్కకి వాలింది. చప్పున నాకు పగటివేషాల వాళ్ళు గుర్తొచ్చారు. నా చిన్నతనంలో వాళ్ళు మా ఊరికి వచ్చి, రోజుకొక వేషం కట్టి వీధుల్లో తిరిగేవారు. ఒకరోజు అర్ధనారీశ్వరుడు, ఇంకోరోజు పిట్టలదొర, మరోరోజు సోమయాజులూ సోమిదేవమ్మా. పిట్టలదొర మా అరుగు మీద కూర్చుని తన కోటల గురించీ తోటల గురించీ కోతలు కోస్తుంటే, మా నాయనమ్మ ఏమాత్రం నవ్వకుండా "దొరగారూ, మీ ఏనుగులకి మేత ఎలాగండీ?" అని అడిగేది. ఆమె ఆ ప్రశ్న అడగబట్టే వేషం నిలబడేదని నాకు ఆ బేస్‌మెంట్‌లో తెలిసింది. చివరిరోజు వాళ్ళు మామూలు బట్టల్లో వచ్చి సంభావన పుచ్చుకుని వెళ్ళేవారు. ఇక్కడ శనివారం రాత్రి పదకొండయ్యాక పెన్సిళ్ళు డబ్బాలో వేసి అందరూ కోట్లు తొడుక్కునేవారు.

* * *

ఆ మొదటి రాత్రి ఆయన నన్ను ఆడమనలేదు. మరుసటి గురువారం సాయంత్రం ఒక్కదాన్నే రమ్మన్నారు. ఆటకు కొత్తవాళ్ళు ఎవరొచ్చినా, వాళ్ళ కోసం ఒక సాయంత్రం విడిగా కేటాయించడం ఆయన పద్ధతి. ఒక ఖాళీ షీటు, ఒక చెక్కిన పెన్సిలు, మూడు మామూలు ఆరుముఖాల పాచికలు నా ముందు పెట్టారు. నియమాల పుస్తకం బల్లమీద ఉంది గానీ దాన్ని తెరవలేదు.

మూడు పాచికలు కలిపి ఆరుసార్లు వేయాలి. పడిన మొత్తాలను వరసగా, మార్చకుండా, ఆరు గుణాలకు రాసుకోవాలి. బలం, చురుకుదనం, దేహదార్ఢ్యం, తెలివి, వివేకం, మనుషుల్ని ఆకట్టుకునే శక్తి. అప్పటికి వాడుకలో ఉన్న రెండో ఎడిషన్ పుస్తకంలో, అంటే 1989లో వచ్చినదానిలో, మొట్టమొదట చెప్పిన పద్ధతి ఇదే. నేను చదివేదే గణాంకశాస్త్రం కాబట్టి పాచిక చేతిలోకి తీసుకోగానే లెక్క కళ్ళముందు కదిలింది. మొత్తం 216 విధాలుగా పడవచ్చు. వాటిలో పద్దెనిమిది ఒకే ఒక్క విధంగా పడుతుంది, మూడు కూడా అంతే. తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య పడే విధాలు 104, అంటే దాదాపు సగం. ఈ పాచికలు లోకంలో మాదిరిగానే ఎక్కువమందిని మామూలు మనుషులుగానే పుట్టిస్తాయి.

నాకు పడినవి ఇవి: బలం 7, చురుకుదనం 14, దార్ఢ్యం 9, తెలివి 13, వివేకం 11, ఆకట్టుకునే శక్తి 6. చివరి ఆరు పడగానే నా చెయ్యి దానంతట అదే పాచికల మీదికి వెళ్ళింది. అష్టాచెమ్మాలో అష్టా పడినా చెమ్మా పడినా మళ్ళీ గవ్వలు వేయడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు కదా. ఆయన తన నల్లటి వేలితో పాచికలను మెల్లగా పక్కకి జరిపి, "ఈ ఆరు ఎలా వచ్చిందో నాకు చెప్పు" అన్నారు.

ఆయన ప్రతి కొత్తవాళ్ళనీ అడిగే ప్రశ్నలు నాలుగని తర్వాత తెలిసింది. పొద్దున లేవగానే నీ చేతులు ఏ పనిమీదికి పోతాయి? నీకు పడిన అన్నిటికంటే చిన్న అంకె వెనక ఏం జరిగింది? నీ కోసం ఇంటి దగ్గర ఎవరు ఎదురుచూస్తారు? ఈ బల్ల దగ్గరున్న మిగతా నలుగురితో నువ్వెందుకు కలిసి నడుస్తావు? ఈ చివరి ప్రశ్నకి జవాబు లేనిదే షీటు పూర్తయినట్టు కాదని ఆయన గట్టిగా నమ్మేవారు. ఎంత అందమైన గతం రాసుకున్నా, నలుగురితో కలిసి పోవడానికి కారణం లేని పాత్ర మొదటి సత్రం దగ్గరే ఆగిపోతుందనేవారు. ఎంతమంది కొత్తవాళ్ళ షీట్లు చూశానో, అన్నిసార్లూ ఆ మాట నిజమైంది.

నేను చాలాసేపు ఆలోచించాను. బాయిలరు రెండుసార్లు ఆగి మళ్ళీ మొదలైంది. మా అమ్మమ్మ ఊరు కొల్లూరు దగ్గర. అక్కడి లంకలకు కృష్ణ దాటించే పడవలుండేవి. వేసవి సెలవుల్లో, పడవ వేసే ఆయన కూతురు గట్టున కూర్చుని మోకు ముడులు విప్పుతూ ఉండడం చూసేదాన్ని. మేము పలకరిస్తే ఆమె తల ఎత్తేది కాదు. వరదొస్తే నెలల తరబడి లంకలోనే ఉండిపోయే పిల్లకి కొత్త మనుషులతో మాట్లాడే అలవాటు ఎక్కడిది? ఆ ముక్కే నా ఇంగ్లీషులో తడుముకుంటూ చెప్పాను. ఆయన రాసుకోలేదు, నన్నే రాయమన్నారు. పేరు గడిలో లంకమ్మ అని తెలుగులో రాసి, కింద ఇంగ్లీషులో రాశాను. చురుకుదనం బాగుంది కనుక తాళాలూ ముడులూ విప్పే, చప్పుడు కాకుండా నడిచే దొంగల వర్గం ఆమెకు కుదురుతుందన్నారు. లంకమ్మ దొంగతనం చేయదన్నాను. చేయనక్కర్లేదు, వేళ్ళ నేర్పు ఒకటే, వాడుకోవడం ఆమె ఇష్టం అన్నారు. ప్రాణానికి ఒక ఆరుముఖాల పాచిక వేస్తే మూడు పడింది. ఆ మూడుని పెన్సిలుతో, గట్టిగా నొక్కకుండా, చిన్నగా రాయమన్నారు. ఎక్కువసార్లు చెరిపేది ఆ గడేనని ఆయనకు తెలుసు.

* * *

శనివారాలకు ఒక వరస ఉండేది. ముందు కాఫీ డికాక్షన్ చుక్కచుక్కగా దిగే చప్పుడు, తర్వాత గ్రాఫ్ పేపర్ చింపే చప్పుడు, ఆపైన డబ్బాలోంచి పాచికలు బల్లమీదికి దొర్లే చప్పుడు. ఆయన పాచికలు 1980ల మొదట్లో కొన్న పెట్టెలోవి. ఆ రోజుల్లో పాచికల మీది అంకెలకు రంగు వేసి అమ్మేవారు కాదు. పెట్టెలో ఒక క్రేయాన్ ముక్క కూడా పెట్టేవారు. కొన్నవాళ్ళే అంకెల గాడిలో మైనం రుద్ది, పైన మిగిలినదాన్ని గుడ్డతో తుడుచుకోవాలి. ఆరునెలలకోసారి మేమందరం కూర్చుని ఆ పని చేసేవాళ్ళం. నాలుగుముఖాలది కూచిగా ఉండి నేలమీద పడితే పాదంలో గుచ్చుకునేది. ఇరవైముఖాలది మాత్రం అంచులరిగి, గచ్చకాయలా దొర్లుతూ ఎప్పుడు ఆగుతుందో తెలియకుండా ఉండేది.

నేను నోరు విప్పిన రాత్రి గురించి చెప్పాలి. మా గుంపు ఒక నది దగ్గర ఆగిపోయింది. వంతెన కూలింది. అవతలి ఒడ్డున ముసలి పడవవాడు ఒకడున్నాడు, కానీ చీకటి పడ్డాక దాటించనంటున్నాడు. మిగతావాళ్ళు డబ్బు ఆశ చూపించారు, బెదిరించారు, ఫలితం లేదు. నేను తలెత్తి, వడి ఎంత ఉంది, రేవు ఎటువైపు, అతని చేతిలో గెడ ఎలాంటిదని అడిగాను. వరసగా మూడు ప్రశ్నలు నేను అడగడం అదే మొదటిసారి. ఆయన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెప్పి, గెడ చివర చీలి ఉందని కూడా అన్నారు. లంకమ్మ అతనితో మాట్లాడుతుంది అన్నాను. "నాతో కాదు, అతనితో అను" అన్నారు.

బల్ల దగ్గర ఎవరూ కదల్లేదు. "మా నాన్న కూడా పడవే వేస్తాడు. నీ గెడ చీలింది, నడిమధ్యలో విరిగితే నీకూ గండమే. నార ఉంటే ఇవ్వు, నేను కట్టు కట్టి ఇస్తాను. తర్వాత దాటిస్తావో లేదో నీ ఇష్టం" అన్నాను. నా వాక్యంలో తప్పులున్నాయి. ఎవరూ సరిదిద్దలేదు, ఎవరూ ముందుకు తోసుకుపోలేదు. ఆ నర్సు మాత్రం నా వైపు చూసి కళ్ళతోనే కానివ్వు అంది.

మేము ఆడే పద్ధతిలో, ఒక గుణం మీద పరీక్ష వస్తే, ఇరవైముఖాల పాచిక వేసినప్పుడు పడిన అంకె ఆ గుణంకంటే ఎక్కువ కాకూడదు. లంకమ్మకున్నది ఆరు. ఆయన కాసేపు తెర మీదుగా చూసి, "నువ్వన్న మాటకి నాలుగు కలుపుతున్నాను, పదిలోపు పడితే చాలు" అన్నారు. తొమ్మిది పడింది. అన్నదమ్ములిద్దరూ బల్లమీద అరచేతులతో కొట్టిన చప్పుడుకి పైన ఎవరో కంగారుపడి కిందికి తొంగిచూశారు. పాచిక నాకు దయతో ఇచ్చినదేమీ కాదు. మాట ముందు వచ్చింది, ఆ మాటకి విలువ కట్టాక పాచిక వచ్చింది. ఈ వరసను ఆయన ఎప్పుడూ తిరగనిచ్చేవారు కాదు. కొత్తవాళ్ళను ముందు పాచిక వేయించి తర్వాత మాట్లాడిస్తే, చిన్న అంకె పడిందని వాళ్ళు నోరు మూసుకుంటారని ఆయన భయం.

ఆ తర్వాతి వారం సెమినార్లో నేను చెయ్యి ఎత్తాను. అంతకంటే ఆ సంగతి సాగదీయను.

* * *

ఆ రోజుల్లో ఏటా ఆగస్టులో జెన్ కాన్ అనే ఆటల జాతర మా ఊళ్ళోనే జరిగేది. 1968లో అక్కడికి గంటన్నరలోపు దూరంలో ఉన్న లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో మొదలై, 1985 నుంచి మిల్వాకీకి వచ్చి, 2002 దాకా అక్కడే ఉండి, తర్వాత ఇండియానాపొలిస్‌కి తరలిపోయింది. ఆట పుట్టినది కూడా లేక్ జెనీవాలోనే. అక్కడి గ్యారీ గైగాక్స్, మినెసోటాకి చెందిన డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించిన మూడు చిన్న పుస్తకాల పెట్టె 1974లో వెయ్యి ప్రతులతో మొదలైంది. ఆ వెయ్యిలో ఒకటి పెద్దాయన దగ్గర ఉండేది. చేతులు కడుక్కుని వస్తేగాని ముట్టుకోనిచ్చేవారు కాదు. ప్రెస్సు మనిషి కాబట్టి అందులో అక్షరాలు ఎక్కడెక్కడ సరిగా కూర్చోలేదో కూడా ప్రేమగా చూపించేవారు.

ఒకసారి మమ్మల్ని కారులో ఎక్కించుకుని లేక్ జెనీవా తీసుకెళ్ళారు. సరస్సు, పడవలు, సెలవులకు వచ్చిన కుటుంబాలు తప్ప చూడడానికి ప్రత్యేకంగా ఏమీ లేదు. ఆయన మాత్రం మెల్లగా నడుస్తూ, ఇంతటి చిన్న ఊళ్ళోనే ఎవరో నలుగురు చలికాలం పొద్దుపోక కూర్చున్నారు కదా అన్నట్టు ఇళ్ళ కింది కిటికీలవంక చూస్తూ వచ్చారు.

2000 ఆగస్టులో జెన్ కాన్‌లో మూడో ఎడిషన్ పుస్తకం విడుదలైంది. పాత్రలు చేయడానికి నాలుగు పాచికలు వేసి అన్నిటికంటే తక్కువదాన్ని తీసేసి, మొత్తాలను ఇష్టమైన గుణాలకు సర్దుకోవడం అందులో మామూలు పద్ధతి. ఆ పద్ధతి పాతదే అయినా ఇప్పుడు ముందుకొచ్చింది. పద్దెనిమిది పడే అవకాశం దానివల్ల సుమారు మూడున్నర రెట్లు పెరుగుతుందని ఆయనకి లెక్క కట్టి చూపించాను. ఆయన తల ఊపి, మంచిదే, కొత్తవాళ్ళు మొదటి రాత్రే చచ్చిపోకుండా ఉంటారన్నారు. ఆయన కొత్త నియమాలను తిట్టలేదు. కొత్త పుస్తకం కొని, అదే గురువారం సాయంత్రాలు, అవే నాలుగు ప్రశ్నలతో దాన్నీ నేర్పారు.

* * *

మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు పిల్లలం నలుగురం ఉండేవాళ్ళం. వాళ్ళకీ ఈ ఆట చూపించాలని నాకు ఆరాటం. ఒక ఆదివారం పులిహోర చేసి, అందరినీ కూర్చోబెట్టి, రెండు గంటలపాటు నియమాలు వివరించాను. వర్గాలు, జాతులు, కవచాల లెక్కలు, మంత్రాల పట్టిక, ఒక్కటీ వదలలేదు. పులిహోర అయిపోయింది, ఆట మొదలవలేదు. నాకంటే చిన్నమ్మాయి ఒకతి చాలా మర్యాదగా "ఇంతకీ ఎవరు గెలుస్తారక్కా?" అని అడిగింది. ఎవరూ గెలవరు, కథ నడుస్తుంది అని చెప్పేసరికి వాళ్ళ ముఖాల్లో ఉన్న కాస్త ఆసక్తి కూడా జారిపోయింది.

ఆ సంగతి పెద్దాయనతో చెప్పుకుని బాధపడ్డాను. ఆయన నన్ను ఓదార్చలేదు. నేను నీకు మొదటి గురువారం ఎన్ని నియమాలు చెప్పానో లెక్కపెట్టమన్నారు. ఒకటి: మూడు పాచికలు వేసి కూడు.

తర్వాతి ఆదివారం పుస్తకం గదిలోనే వదిలేసి వచ్చాను. "మీరు ముగ్గురూ ఒక సత్రంలో తల దాచుకున్నారు, బయట గాలివాన. అర్ధరాత్రి తలుపు తడుతున్న చప్పుడు. సత్రం గుమాస్తా తెరవద్దంటున్నాడు" అని చెప్పి, ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే కష్టం. పక్క గదిలో ఫ్రిజ్ మోత వినిపించేంతసేపు ఊరుకోవాలి. "మేమేం చెయ్యాలి?" అన్నారు. "మీరేం చేస్తారు?" అన్నాను. ఎవరు గెలుస్తారని అడిగిన ఆ అమ్మాయే లేచి నిలబడి, "గుమాస్తా ఎందుకు వద్దంటున్నాడో ముందు వాణ్ణి కనుక్కోవాలి, వాడిమీదే నాకు అనుమానం" అంది. నిజానికి గుమాస్తా మంచివాడనే నేననుకున్నాను. ఆ క్షణంలో మార్చేశాను. తెల్లవారుజామున రెండింటికి పాలు అయిపోయి, డికాక్షన్ ఉత్తిదే తాగుతూ, వాళ్ళు తమ పాత్రలకు అంకెలు వేసుకున్నారు. ముందు మనిషి పుట్టి, తర్వాత అంకెలు వచ్చాయి. పెద్దాయన పద్ధతికి ఇది తలకిందులే, కానీ ఆయన విని సంతోషించారు. మనవాళ్ళకి ఈ దారే దగ్గరని నా నమ్మకం. హరికథ విన్నవాళ్ళకి, నాయనమ్మ పక్కన పడుకుని 'ఊఁ' కొడుతూ కథ విన్నవాళ్ళకి, కథలోకి దిగడానికి పట్టిక అక్కర్లేదు.

* * *

చదువు అయి తిరిగి వచ్చేసే ముందు, ఆఖరి శనివారం, ఆయన నన్ను ఒకే ప్రశ్న అడిగారు. నువ్వు వెళ్తున్నావు, లంకమ్మ ఎక్కడికి వెళ్తుంది? మూడు చలికాలాలు బతికిన పాత్రను చంపబుద్ధి కాలేదు. ఆ ముసలి పడవవాడికి చూపు తగ్గింది, ఆమె ఆ రేవులోనే ఉండిపోతుంది, పడవ వేస్తుంది అన్నాను. అయితే షీటు ఇక్కడే ఉంచు అన్నారు. బల్లమీద పెట్టి వచ్చేశాను.

హైదరాబాదులో ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు. చాలా ఏళ్ళు పాచిక ముట్టుకోలేదు. 2008 మార్చిలో గైగాక్స్, ఆ మరుసటేడు ఏప్రిల్‌లో ఆర్నెసన్ పోయినప్పుడు ఆయనకి రెండు ఉత్తరాలు రాశాను. రెండింటికీ పోస్టుకార్డులే జవాబుగా వచ్చాయి. ఆఫీసులో కుర్రవాళ్ళు కొందరు ఈ ఆట గురించి మాట్లాడుకోవడం విని, ఉండబట్టలేక మాట కలిపింది ఇటీవలే. ఇప్పుడు నెలకి రెండు ఆదివారాలు మా ఇంట్లో ఆడతారు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో పాచికలు వేయకుండానే 15, 14, 13, 12, 10, 8 అనే ఆరు అంకెలను సర్దుకునే వీలుంది. భయపడే కొత్తవాళ్ళకు అదే ఇస్తాను, అది సరైన పనే. కానీ అందరూ ఆ ఎనిమిదిని తీసుకెళ్ళి తమకు అక్కరలేని గుణం కింద దాచేస్తారు. అప్పుడు నేను ఆ ఎనిమిది మీద వేలు పెట్టి, ఇది ఎలా వచ్చిందో చెప్పమంటాను. ఫోన్లలోనే షీట్లు నింపుతారు, కూడికలు వాటంతటవే జరిగిపోతాయి. హిట్ పాయింట్ల గడి ఎంత చెరిపినా చిల్లు పడదు. మా ఇంట్లో మాత్రం కొత్తవాళ్ళకి మొదటి షీటు కాగితమే ఇస్తాను. దెబ్బ తగిలిన ప్రతిసారీ రబ్బరు తీసుకుని చెరపాల్సి వస్తే మనిషి కాసేపు ఆగుతాడు. ఆ ఆగడం పాత్రకి అవసరం.

* * *

షీటు వెనక గీతల గురించి పెద్దాయన కూతురికి రాసి అడిగాను. వారానికి జవాబు వచ్చింది. నేను వచ్చేశాక ఆయన దగ్గరికి ఆట నేర్చుకోవడానికి ఎవరు వచ్చినా, వాళ్ళ మొదటి రాత్రి ఒక నది ఒడ్డున మొదలయ్యేదట. అక్కడ ఎక్కువ మాట్లాడని ఒక పడవ మనిషి ఉండేదట. డబ్బు తీసుకునేది కాదట. మీరెవరు, ఎక్కడికి, ఎవరి కోసం అని మాత్రం అడిగి, జవాబు విన్నాక దాటించేదట. ఒక్కొక్కరిని దాటించినప్పుడల్లా నాన్నగారు ఆ కాగితం వెనక ఒక గీత గీసేవారు, ఎందుకని మేమెప్పుడూ అడగలేదు అని రాశారావిడ. కాగితం తిప్పి లెక్కపెట్టాను. ఐదేసి చొప్పున ఎనిమిది కట్టలు, విడిగా మూడు గీతలు. నలభై ముగ్గురు. చివరి మూడు గీతలు వణికి ఉన్నాయి.

పోయిన ఆదివారం మా అన్నయ్య కూతురు వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల. డబ్బా చూసి, ఇవేమిటత్తా అంది. మూడు పాచికలు ఇచ్చి వేయమన్నాను. బలం దగ్గర ఐదు పడింది. "మళ్ళీ వెయ్యనా అత్తా?" అని నా ముఖంలోకి చూసింది. వేయవచ్చు గానీ ముందు ఆ ఐదు ఎలా వచ్చిందో చెప్పమన్నాను. పెన్సిలు చివర కొరుకుతూ, అన్నం దగ్గర కూర్చున్నా వదలకుండా ఆలోచించి, ఆ అమ్మాయి చిన్నప్పటి నుంచీ చెట్టు మీదే ఉండేదని, అంచేత బరువులు మోసే అవసరమే రాలేదని తేల్చింది. చెట్టు మీద ఎందుకుండేది అంటే, అది ఇంకా చెప్పను అంది. చీకటిపడే వేళకి రేవు దగ్గరికి వచ్చాం. లంకమ్మ అడిగిన మూడింటిలో రెండిటికే జవాబిచ్చి, మూడోది అవతలి ఒడ్డుకి వెళ్ళాక చెబుతానని బేరం పెట్టింది. లంకమ్మ ఒప్పుకుంది. వాళ్ళు దాటాక, వణికిన ఆ మూడు గీతల పక్కన నేనొక గీత గీశాను.

పాచికల మీద అంకెలు కనపడడం లేదని పిల్ల ఫిర్యాదు చేస్తే, క్రేయాన్ ముక్క చేతికిచ్చి గాడిలో ఎలా రుద్దాలో చూపించాను. వేలికి అందనంత చిన్నదైపోయింది అది. గోటితో నొక్కిపట్టి ఇరవైముఖాలది పూర్తి చేసింది, పాత చీర ముక్కతో తుడిచింది, వేళ్ళు వాసన చూసుకుంది. పన్నెండుముఖాలదానికి సగంలో ఉండగా వాళ్ళ నాన్న కిందనుంచి హారన్ కొట్టాడు. మిగిలిన ఆరు ముఖాలూ వచ్చే ఆదివారానికి వదిలి, ఆ క్రేయాన్ పలుకుని తనే కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టి వెళ్ళింది.